నడుము కొలతకూ చదువుకూ సంబంధం ఉందా?



పేరెంట్స్ మీటింగ్‌లో మేం తరచూ వినే ప్రశ్న: "మేడమ్, మా వాడికి చదివింది గుర్తుండట్లేదు, ట్యూషన్ పెట్టించాలా?" ట్యూషన్ కంటే ముందు బాబు ఏం తింటున్నాడు, ఎంతసేపు ఆడుతున్నాడు, ఎన్నింటికి పడుకుంటున్నాడు అన్నది చూడండి.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే?

నడుము చుట్టూ కొవ్వు, ఎక్కువ బీపీ, పరగడుపున ఎక్కువ షుగర్, ఎక్కువ ట్రైగ్లిజరైడ్స్, తక్కువ మంచి కొలెస్ట్రాల్. ఈ ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఇది పెద్దవాళ్లకే కాదు, టీనేజ్ పిల్లలకూ వస్తుంది.

మెదడుకు ఏమవుతుంది?

మన బరువులో మెదడు సుమారు 2 శాతమే. కానీ శరీరం వాడే శక్తిలో 20 శాతం దానికే కావాలి. అందుకే షుగర్, రక్తప్రసరణ గాడి తప్పితే ఆ ప్రభావం మెదడుపైనా పడవచ్చు.

న్యూయార్క్ పరిశోధకులు ఈ సమస్య ఉన్న 49 మంది టీనేజర్లను, లేని 62 మందితో పోల్చి 2012లో 'పీడియాట్రిక్స్' జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికీ డయాబెటిస్ లేదు. అయినా సమస్య ఉన్నవాళ్లు లెక్కల్లో, స్పెల్లింగ్‌లో, ఏకాగ్రతలో వెనుకబడ్డారు. ఎంఆర్ఐ స్కాన్‌లో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ వాళ్లలో చిన్నదిగా కనిపించింది.

ఒక్క మాట. ఇది సంబంధాన్ని చూపింది కానీ, ఒకదానివల్లే రెండోది వచ్చిందని రుజువు చేయలేదు. బొద్దుగా ఉన్న పిల్లలకు తెలివి తక్కువని దీని అర్థం కానే కాదు. దయచేసి పిల్లల ముందు అలా అనకండి, ఎవరితోనూ పోల్చకండి.

ఇంట్లో ఏం చేయాలి?

• మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకుని రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి అది గుర్తు కావచ్చు. డాక్టరుకు చూపించండి.
• స్నాక్స్ బాక్సులో చిప్స్, కూల్‌డ్రింక్ బదులు ఉడికించిన శనగలు, పల్లీలు, జామకాయ పెట్టండి.
• రోజూ గంటసేపు ఆడనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే.
• టీనేజ్ పిల్లలకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం.
• ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే, పిల్లల పరీక్షల గురించి డాక్టరును అడగండి.

చివరిగా ఒక విన్నపం. పదో తరగతి కదా, గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని కొందరు పేరెంట్స్ కోరుతున్నారు. ఆ నలభై నిమిషాలు వృథా కావు. చదివింది నిలవాల్సిన మెదడుకు ఆ ఆట కూడా అవసరమే.

– సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం