వీడియోలో వైద్యసలహా – వెన్నుపాము దెబ్బతిన్నవారి సంరక్షణ

చింతకాయలు దులపబోయి చెట్టు మీద నుంచి పడినవారు, మిద్దె మీద నుంచి జారినవారు, మోటారు సైకిలు ప్రమాదంలో వెన్ను విరిగినవారు మన కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉంటారు. వీరికి ఆపరేషను అయి ఇంటికి వచ్చిన తరువాతే అసలు సంరక్షణ మొదలవుతుంది. వెన్నుపాము దెబ్బతింటే కదలికతో పాటు స్పర్శ కూడా పోవచ్చు. మలమూత్రాల మీద అదుపు తప్పవచ్చు. నొప్పి తెలియదు కనుక పుండు పడినా రోగికి తెలియదు.

అలాంటి మనిషిని కర్నూలుకు తీసుకుపోవాలంటే బండి మాట్లాడాలి, ఎత్తి దించడానికి ఇద్దరు కావాలి, వారి కూలి పోతుంది. అందుకే చాలామంది "ఇంకో వారం చూద్దాం" అనుకుంటారు. ఆలస్యమైతే చిన్న ఎర్రమచ్చ ఎముక దాకా పోయే పుండు కావచ్చు. ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే వీడియో వైద్యం.

ఇది కొత్తది కాదు

మన రాయలసీమలోనే, చిత్తూరు జిల్లా అరగొండలో, 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించిన అపోలో టెలిమెడిసిన్ కేంద్రం పల్లెను నగరంలోని నిపుణులతో కలిపింది. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఆరోగ్య కేంద్రాలలో మొదలైంది. 2020 ఏప్రిల్ నుంచి ఇంటి నుంచి కూడా దీనిలో ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు.

వీడియోలో ఏమి చూపించవచ్చు?

1. చర్మం: పిరుదులు, నడుము కింది భాగం, తుంటి, మడమలు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్లే. ఛాయ నల్లగా ఉన్నవారిలో ఎరుపు కనిపించకపోవచ్చు. ఆ చోటు వెచ్చగా, గట్టిగా ఉందేమో చూడండి.

2. మూత్రం: రంగు, వాసన, మడ్డి. గొట్టం వేసుకునే పద్ధతి సరిగా ఉందో లేదో కూడా చూసి చెబుతారు.

3. ఇల్లు: మంచం ఎత్తు, చక్రాల కుర్చీ, గడప, స్నానాల గది. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకు ఇవి కనిపించవు. ఇది వీడియోతో వచ్చే ప్రత్యేక లాభం.

4. వ్యాయామం: ఇంట్లోవారు కాళ్లు, చేతులు కదిలించే తీరును ఫిజియోథెరపిస్టు చూసి సరిదిద్దవచ్చు.

ఎలా సిద్ధం కావాలి?

పగటి వెలుతురులో, కిటికీకి ఎదురుగా పడుకోబెట్టండి. ఫోను ఒకరు పట్టుకోవాలి, రోగిని ఒకరు తిప్పాలి. పుండు పక్కన రూపాయి బిళ్ల పెడితే దాని సైజు తెలుస్తుంది. మందుల చీటీలు, డిశ్చార్జి కాగితం దగ్గర ఉంచండి. మూడు రోజుల జ్వరం, మూత్రం కొలత రాసి ఉంచండి. చూపించేటప్పుడు ఇరుగుపొరుగును బయటికి పంపండి. మంచాన ఉన్న మనిషికీ మర్యాద ఉంది. మాట్లాడే అవకాశం ముందుగా రోగికే ఇవ్వండి.

వీడియో చాలని సమయాలు

చలిజ్వరం, కాలు ఒకటే వాయడం, పుండు నుంచి దుర్వాసనతో చీము, ఊపిరి ఆడకపోవడం – వీటికి ఫోను ముందు కూర్చోకండి, ఆసుపత్రికి రండి.

మరొకటి తప్పక తెలుసుకోండి. మెడ దగ్గర లేదా ఛాతీ పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు వస్తే అది రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిన గుర్తు కావచ్చు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడండి, 108కి ఫోను చేయండి.

రోజూ చేయవలసినది

ఏ వీడియో అయినా ఇంట్లోవారి చేతులకు బదులు కాదు. పడుకున్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. కుర్చీలో ఉన్నవారు పావుగంట, అరగంటకోసారి బరువు ఎత్తి దించాలి. ఉదయం, సాయంత్రం చర్మం చూడండి; చేయి ఆడేవారికి చిన్న అద్దం ఇస్తే తామే చూసుకుంటారు.

1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పునరావాస కేంద్రం మొదలు కావడానికి ఆమే ముఖ్య కారకురాలు. మంచాన పడ్డారని మనం అనుకునేవారి ముందు ఇంకా ఎంత జీవితం ఉందో ఆమె చూపించారు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

• మన ఇంట్లో రోగి చర్మాన్ని ఈ రోజు ఎవరు చూశారు?
• డాక్టరుకు చూపించవలసిన కాగితాలు ఒకేచోట ఉన్నాయా?
• ఫోను వాడడం తెలిసిన పిల్లవాడు మన వీధిలో అలాంటి ఒక ఇంటికి సాయపడగలడా?