సంకల్పమునకు లెక్క

దేహము, మనస్సు, ఆత్మ యను మూటియందును బాగుపడ గోరనివారు మనలో లేరు. అయినను ఏ పని, ఏ వేళ, ఎంత యని నిర్ణయింపని కోరిక నాలుగు దినములైనను నిలువదు.

ఇందుకు అమెరికా దేశస్థుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) నడచిన మార్గము పరిశీలింపదగినది. ఆయన యౌవనమున 13 గుణముల నేర్పరచుకొనెను. వానిలో మితాహారము, శుచిత్వము దేహమునకును, శాంతము మనస్సునకును, వినయము ఆత్మకును మేలు చేయునవని మేము తలంచుచున్నాము. అన్నిటిని ఒక్కమారు సాధింపబూనక, ఆయన వారమునకొక గుణముపై ప్రత్యేకదృష్టి నిలిపెను. చిన్న పుస్తకమున గడులు గీచి, ఆనాటి లోపములను చుక్కలతో గుర్తించుకొనెను. 13 వారములకొక ఆవృత్తి, ఏడాదికి నాలుగావృత్తులు. క్రమపాలనము మాత్ర మాయనకు లొంగలేదు. పరిపూర్ణత చేకూరకున్నను, ఆ ప్రయత్నముచేతనే తాను మెరుగుపడి సుఖించితినని ఆయన స్వీయచరిత్రమున వ్రాసికొనెను.

మనమును అట్లే చేయవచ్చును. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యరకపు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. కావున “నడచెదను” అని ఊరకుండక, “వారమున అయిదు దినములు, ఉదయము ఆరు గంటలకు, అరగంట నడచెదను” అని వ్రాసికొనవలెను. ఇంటివారిపైగాని సేవకులపైగాని పరుషముగా పలికిన దినమున ఒక చుక్క పెట్టవలెను. నిద్రకు ముందు పది నిమిషములు మౌనముగా కూర్చుండి, ఆనాడు ఎవరికేమి మేలు చేసితిమో విచారించుకొనవలెను.

మొదటి వారమున చుక్కలు మెండుగా పడును. సిగ్గుపడి పుస్తకము మూయక, మరునాటి గడిని తెరువుడు.