ధ్వనివర్ధకం ఎన్నిక: సమీక్ష చెప్పేది, ఇల్లు వినిపించేది

ఆ ఏడు వేసవి సెలవులకు వారం రోజుల ముందు ఒక విద్యార్థి భౌతికశాస్త్ర ప్రయోగశాలకు వచ్చి, నా బల్లమీద మూడు సమీక్షల ప్రతులు పరచినాడు. మూడింటిలోనూ ఖరీదైన ఆంప్లిఫయర్ల గుణగణాలు వర్ణించబడి ఉన్నవి. మూడూ విదేశాలలో వ్రాయబడినవే. "సార్, భాయి కువైటు నుంచి డబ్బు పంపినాడు. నానా కోసం మంచి ఆంప్లిఫయర్ కొనమన్నాడు. వీటిలో ఏది కొనమంటారు?" అని అడిగినాడు.

వారి ఇల్లు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల ఈవల ఉన్నది. అతని నానా ఒకప్పుడు ఖవ్వాలీ బృందంలో హార్మోనియం వాయించినవారు. ఎనభై ఏళ్ళు దాటినవి, చూపు మందగించినది, చెవి మాత్రం చెక్కుచెదరలేదు. ఇంట్లో రెండు వందలకు పైగా ఎల్.పి. రికార్డులు, వాటిని వాయించడానికి 1980 ప్రాంతంలో కొన్న ఒక స్వదేశీ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ ఉన్నవి. అది కొంతకాలంగా గరగరమంటున్నదట. పంపిన డబ్బు తక్కువేమీ కాదు. ఎడారిలో పనిచేసే మనిషి ఏడాదిపాటు మిగిల్చినది.

"ఏది కొనాలో నాకు తెలియదు. మీ ఇల్లు చూడాలి" అన్నాను. అతడు నిరుత్సాహపడినాడు. ఆ మాట ఎందుకు అనవలసి వచ్చినదో వివరించడమే ఈ వ్యాసంలో నేను చేయదలచినది.

ఆంప్లిఫయర్ చేయవలసిన పని చెప్పడానికి సులభమే. రికార్డు నుంచి వచ్చే అత్యల్ప విద్యుత్ సంకేతాన్ని, దాని రూపం చెడకుండా, లౌడ్‌స్పీకర్‌ను కదిలించగలిగినంత పెద్దది చేయాలి. రూపం ఎంత చెడినదో తెలిపేదే విరూపణ శాతం. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించిన వాల్వు ఆంప్లిఫయర్‌లో విరూపణ శాతంలో పదో వంతుకు దిగినది. ఆనాటి లౌడ్‌స్పీకర్లలో గాని, గ్రామఫోన్ సూదిలో గాని విరూపణ ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. నేటికీ అంతే. శ్రవణ పరికరాల గొలుసులో అతి బలహీనమైన లంకెలు రెండు చివరల ఉన్నవిగాని నడుమనున్న ఆంప్లిఫయర్‌లో లేవని విద్యార్థులు ముందుగా గ్రహించవలెను.

అట్లయితే ఆంప్లిఫయర్ల గురించి ఇంత సాహిత్యం ఎందుకు పుట్టినది? తొలినాటి సమీక్షకులు కొలతలకే ప్రాధాన్యం ఇచ్చినారు. కొలతలు సమానంగా ఉన్న రెండు పరికరాలు వినడానికి సమానంగా లేవనే వాదంతో 1962లో అమెరికాలో గోర్డన్ హోల్ట్ 'స్టీరియోఫైల్' పత్రికను స్థాపించినాడు. 1973లో హ్యారీ పియర్సన్ 'ది అబ్సల్యూట్ సౌండ్' ప్రారంభించినాడు. వినికిడి అనుభవాన్ని మాటలలో పెట్టే ఒక పరిభాష వీరితో స్థిరపడినది. అది నిరుపయోగమని నేను అనను. సంగీతం తెలిసిన చెవి వ్రాసిన వాక్యంలో కొలమానానికి అందని సత్యం ఉండవచ్చును. కాని ఆ చెవి తానేమి వింటున్నదో కన్ను ముందుగానే చూసినది. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇంగ్లండులో పీటర్ వాకర్ సంస్థ వారు ఈ చిక్కును బహిరంగ పరీక్షకు పెట్టినారు. వారి క్వాడ్ ఆంప్లిఫయర్లు మూడు: ఒకటి 1950 దశకపు వాల్వు యంత్రం, ఒకటి 1960 దశకపు ట్రాన్సిస్టర్ యంత్రం, మరొకటి 1970 దశకంలో వచ్చిన 405. వీటిని వినేవారికి కనబడకుండా మార్చి మార్చి వినిపించినారు. పరీక్షను నిర్వహించిన జేమ్స్ మోయిర్ 1978లో ఫలితాలు ప్రకటించినాడు. అనుభవజ్ఞులైన శ్రోతల సమాధానాలు బొమ్మా బొరుసా వేసి చెప్పినట్లే వచ్చినవి. 1985లో బాబ్ కార్వర్ మరొక మార్గం తొక్కినాడు. 'స్టీరియోఫైల్' వారు ఎంచి ఇచ్చిన అతి ఖరీదైన ఆంప్లిఫయర్‌కు సరిసమానంగా తన చౌక యంత్రాన్ని కొద్ది రోజులలో మలచి చూపినాడు. రెండింటి భేదాన్ని ఆ పత్రికవారే పట్టలేకపోయినారు.

ఈ రెండు ఉదంతాలు చెప్పి, ఆంప్లిఫయర్లన్నీ ఒక్కటేనని తేల్చివేసేవారు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. ఆ పరీక్షలలో విద్యుత్తు నికరంగా ఉన్నది, గది చల్లగా ఉన్నది, లౌడ్‌స్పీకర్లు ఆ యంత్రాలు మోయగలిగినవే. మైపాడు దారిలోని ఇంట్లో ఇవేవీ ఉండనక్కరలేదు.

శక్తి సంగతి చూడండి. ప్రయోగశాలలో ఆంప్లిఫయర్‌ను సాధారణంగా ఎనిమిది ఓముల నిరోధానికి కలిపి కొలుస్తారు. నిజమైన లౌడ్‌స్పీకర్ నిరోధం కాదు. దాని అవరోధం పౌనఃపున్యాన్నిబట్టి మారుతుంది. కొన్ని చోట్ల ముప్పై ఓములకు ఎక్కి, కొన్ని చోట్ల మూడు ఓములకు దిగుతుంది. దిగినచోట అధిక విద్యుత్ ప్రవాహాన్ని ఇవ్వలేని యంత్రం తడబడుతుంది. అందుచేత, 'ఎన్ని వాట్లు' అనే ప్రశ్న 'మీ లౌడ్‌స్పీకర్ ఏది' అనే ప్రశ్నకు తరువాతనే రావాలి. 50 వాట్లు 100 వాట్లయితే శబ్దం రెట్టింపు కాదు, మూడు డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. ఒక వాటుకు మీటరు దూరాన 87 డెసిబెల్‌లు ఇచ్చే లౌడ్‌స్పీకర్లతో ఇంట్లో సామాన్యంగా వినడానికి ఒక వాటు చాలును. తబలా దెబ్బ, ఖవ్వాలీ చప్పట్లు ఆ సగటుకు ఇరవై డెసిబెల్‌లు పైకి లేచిన క్షణంలో మాత్రం వంద వాట్లు కావలసి వస్తుంది. మన విద్యార్థి తెచ్చిన మూడు సమీక్షలలో ఒకటి, ఏడు వాట్ల వాల్వు యంత్రాన్ని ఆకాశానికెత్తినది. ఆ సమీక్షకుని ఇంట్లోనివి ఒక వాటుకు వంద డెసిబెల్‌లకు మించి ఇచ్చే కొమ్ము లౌడ్‌స్పీకర్లు. ఆ సంగతి వ్యాసం చివర చిన్న అక్షరాలలో ఉన్నది.

రెండవ సమీక్షలోనిది 'క్లాస్ ఏ' యంత్రం. ఈ పద్ధతిలో సిద్ధాంతరీత్యానే సామర్థ్యం సగానికి మించదు. అనగా రెండు పక్కలా చెరి 25 వాట్లు ఇచ్చే యంత్రం, సంగీతం ఉన్నా లేకున్నా, ఎల్లప్పుడూ కనీసం వంద వాట్లు తినుచునే ఉండును. మౌనంగా ఉన్నప్పుడు అదంతా వేడియే. చలిదేశపు శీతకాలంలో అది యోగ్యమైన కుంపటి కావచ్చును. నెల్లూరు మే నెలలో, నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, దానితోపాటు ఫ్యాను వేగం పెంచవలసి వస్తుంది. ఫ్యాను తిరిగే గదిలో గాలి చప్పుడు సుమారు 45 డెసిబెల్‌లు ఉన్నదనుకొందాం. ఎనభై డెసిబెల్‌ల సంగీతానికి, ఈ చప్పుడుకు నడుమ మిగిలేది 35 మాత్రమే. 110 డెసిబెల్‌ల నిశ్శబ్దాన్ని వాగ్దానం చేసే యంత్రానికి అదనంగా చెల్లించిన సొమ్ము ఫ్యాను గాలిలో కలిసిపోతుంది.

ఇక విద్యుత్తు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల ప్రకారం గృహాలకిచ్చే వోల్టేజి నిర్ణీతమైనదానికి ఆరు శాతానికి మించి హెచ్చుతగ్గులు కారాదని ఉండేది. 230 వోల్టులకు ఇది 216, 244ల మధ్య అన్నమాట. కాగితంమీద. పైరుకు నీరు పెట్టే మోటార్లు, రొయ్యల చెరువుల గాలి చక్రాలు ఒక్కసారిగా తిరిగే వేళ ఊరి చివరి ఇంటి దీపం ఎట్లా వెలుగుతుందో మన విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. చతురస్ర తరంగాన్నిచ్చే చౌక ఇన్వర్టరుమీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్ గుంయిమని రొదపెట్టును. ఇది నేను పుస్తకంలో చదివినది కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక సమీక్షను నమ్మి, వినకుండానే, మూడు నెలల జీతం పోసి ఒక యంత్రం తెచ్చుకొన్నాను. కరెంటు పోయిన తొలి సాయంత్రమే అది పాటకన్న బిగ్గరగా పాడినది. అమ్మినవారు తిరిగి తీసుకొనలేదు. సమీక్షలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సమీక్షకుని ఇంట కరెంటు పోలేదు.

ఉప్పుగాలి వేరొక శత్రువు. సముద్రతీరంలో రాగి తీగల కొనలకు చిలుము పట్టును. స్విచ్చుల లోపల, బిగింపు మరల వద్ద స్పర్శ చెడి గరగర పుట్టును. మా విద్యార్థి ఇంటికి వెళ్ళి చూడగా, నానాగారి యంత్రంలోని దోషం సగం ఇదే. తీగల కొనలు కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించినాము. నలభై ఏళ్ళలో ఎండిపోయిన కండెన్సర్లను ఊరిలోని రేడియో మెకానిక్ మార్చినాడు. గరగర పోయినది.

ఆ గది గురించి కొంత చెప్పవలసి ఉన్నది. పొడవు 15 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. కింద నున్నని రాయి, పైన స్లాబు, నాలుగువైపులా సిమెంటు గోడలు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సేబైన్ ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కాకపోవడానికి కారణం వెదుకుచు, రాత్రివేళ పక్క నాటకశాల నుంచి దిండ్లు మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లకు ప్రతినాదం ఎంత తగ్గునో లెక్కకట్టినాడు. ఆయన సూత్రం నేటికీ చెల్లుబాటే: ప్రతినాద కాలం సెకన్లలో, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగించగా వచ్చినది. ఈ గది 51 ఘనమీటర్లు. ఉపరితలం మూడు శాతమే శోషిస్తుందనుకొంటే, మొత్తం శోషణ రెండున్నర చదరపు మీటర్లు. ప్రతినాదం మూడు సెకన్లకు పైమాట. ఖాళీ గదిలో ఒక పదం ముగియకముందే నాలుగు పదాలు దానిపై పడును. మందపు తివాచీ, పరుపు, పుస్తకాల బీరువా, కూర్చున్న మనుషులు కలిసి మరి ఎనిమిది చదరపు మీటర్ల శోషణ చేర్చితే అది 0.8 సెకన్లకు దిగును. ఏ రెండు ఆంప్లిఫయర్ల నడుమనూ ఇంతటి భేదం నేను వినలేదు.

అయితే సమీక్షలు మాని ఇంట్లో విని ఎన్నుకొంటే చాలునా? చాలదు. ఇంటి చెవి కూడా మోసపోతుంది. చిన్న శబ్దంలో మంద్రస్వరాలను చెవి తక్కువగా గ్రహిస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపినారు. అందుచేత రెండు యంత్రాలలో ఒకటి ఒక్క డెసిబెల్ బిగ్గరగా ఉన్నా, శ్రోత అది బిగ్గరగా ఉన్నదనడు, 'నిండుగా ఉన్నది' అంటాడు. అంగడివారిలో కొందరికి ఈ రహస్యం తెలుసునని నా అనుమానం.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. 400 హెర్ట్జ్‌ల నిలకడ స్వరాన్ని వాయిస్తూ లౌడ్‌స్పీకర్ కొనల వద్ద మామూలు మల్టీమీటరుతో వోల్టేజి కొలిచి, రెండు యంత్రాలనూ ఒక శాతం లోపు సమం చేయవలెను. యంత్రాలకు తెర కట్టవలెను. ఒకరు నాణెం ఎగురవేసి, ఏది పలకాలో తేల్చి వ్రాసుకొనవలెను. వినేవారి ఎదుట నిలబడరాదు, ముఖమే చెప్పివేయును. పదహారుసార్లకు పన్నెండు సరియైనవైతే, అది గాలివాటం కావడానికి నూటికి నాలుగు పాళ్ళ అవకాశం మాత్రమే ఉన్నది. వినడానికి ఎన్నుకొనే రికార్డు, సమీక్షకుడు మెచ్చినది కాక, మనకు కంఠతా వచ్చినదై ఉండాలి. నెల్లూరువారు తమవాడని చెప్పుకొనే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఎట్లా ఉంటుందో మనలో ఎవరికి తెలియదు?

ఒక చెన్నై వ్యాపారి పూచీ సొమ్ము తీసుకొని, సమీక్షలలోని రెండు యంత్రాలను పది రోజులకు ఇచ్చినాడు: మూడవదైన ట్రాన్సిస్టర్ యంత్రం, ఏడు వాట్ల వాల్వు యంత్రం. క్లాస్ ఏ యంత్రాన్ని మేమే వద్దన్నాము. తివాచీ పరచి, ఆదివారం ఉదయం ఫ్యాను ఆపి, పరీక్ష మొదలుపెట్టినాము. నాణెం నాది; చెవి నానాగారిది. పాత యంత్రానికి, కొత్త ట్రాన్సిస్టర్ యంత్రానికి నడుమ ఆయన చెప్పినవి పదహారింట తొమ్మిది సరియైనవి. వాల్వు యంత్రం విషయంలో పదిహేను. అంటే అక్కడ భేదం నిజమే. "ఘజల్‌కు ఇది తియ్యగా ఉన్నది" అన్నారాయన, అదేమిటో తెలియకుండానే. బేగం అఖ్తర్ రికార్డు రెండుసార్లు పెట్టించుకొన్నారు. తరువాత ఖవ్వాలీ పెట్టినాము. చప్పట్లు ఊపందుకొన్నచోట చెయ్యెత్తి ఆపి, "ఇక్కడ తాళీ నలిగిపోతున్నది బేటా. చేతులు కావు, గుడ్డ దులిపినట్టున్నది" అన్నారు. శక్తి చాలని ఏడు వాట్లను ఆయన చెవి వాట్లన్న మాట ఎరుగకుండానే పట్టినది.

రెండు యంత్రాలనూ తిరిగి పంపినాము. ఆ రాత్రి మనుమడు కువైటుకు ఫోను చేసి జరిగినది చెప్పగా, అన్నకు మొదట కోపం వచ్చినదట. "నేను పంపినది తివాచీకా?" అని అడిగినాడట. నానాగారు ఫోను తీసుకొని చాలాసేపు మాట్లాడినారు. ఆ డబ్బులో మూడవవంతుతో కొత్త లౌడ్‌స్పీకర్లు, గ్రామఫోనుకు కొత్త సూది వచ్చినవి. అవి కూడా ఇంటికి తెచ్చి, తెర కట్టి, విన్న తరువాతనే. తక్కినది బ్యాంకులో అన్న పేరిటనే ఉన్నది. పాత ఆంప్లిఫయర్ పనిచేస్తున్నది. తీగల కొనలను మనుమడు ఏటా కార్తీక వర్షాలు వెలసిన తరువాత ఒకసారి కత్తిరించి బిగిస్తున్నాడు.