తంజావూరు: చూడదగినది, చదువదగినది

విద్యార్థులారా! సెలవులలో తంజావూరు చూచి రావలెనని మీలో పలువురు కోరుచున్నారు. పయనమునకు ముందు ఈ నాలుగు మాటలు చదువుకొనుడు. మీ తల్లిదండ్రులకును చదివి వినిపింపుడు.

మొదట బృహదీశ్వరాలయమును దర్శింపవలెను. చోళ చక్రవర్తియగు రాజరాజు దీనిని 1010లో పూర్తిచేయించెను. దాని విమానము 200 అడుగులకు మించిన ఎత్తు గలది. గోడలపై తమిళ శాసనములు బారులు తీరియున్నవి. దానముల వివరములే కాక, ఆలయమున కొలువుచేసిన నర్తకీమణుల పేర్లు సైతము వానియందు కలవు. లోపలి ప్రదక్షిణ మార్గమున నాయకరాజుల కాలపు చిత్రముల అడుగున చోళుల చిత్రములున్నట్లు 1931లో తెలియవచ్చెను. మరాఠా ప్రభువు శరభోజి వ్రాయించిన మరాఠీ శాసనమును ఈ ఆలయముననే చూడగలరు. ఒక్క గుడిలో ఇన్ని కాలములు, ఇన్ని భాషలు కలిసియున్నవి.

పిమ్మట రాజమందిరమునకు పోవలెను. తెలుగువారగు నాయకరాజులు 1673 వరకు ఇచట ఏలిరి. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. ఆయన ఆస్థానముననే చేమకూర వేంకటకవి విజయవిలాసమును రచించెను. విజయరాఘవుని కొలువున రంగాజమ్మ అను కవయిత్రి వెలసెను. తరువాత వచ్చిన మరాఠా రాజులలో శహాజీ మాతృభాష మరాఠీయైనను తెలుగున యక్షగానములు వ్రాసెను. ఆ మందిరములోని సరస్వతీ మహలును శరభోజి ఎంతయో పెంపొందించెను. అందు తమిళ, సంస్కృత, మరాఠీ గ్రంథములతోపాటు తెలుగు తాళపత్రములును వందలకొలది భద్రముగా ఉన్నవి.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు విజయవిలాసమును శ్రద్ధగా చదివితిమి. అది మా ఊళ్లకు చేరువనే, కావేరి నీరు త్రాగి పుట్టిన కావ్యమని అప్పుడు మాకు తోచలేదు. తెలుగు ఎచటనో దూరమున నున్నదని తలచి, ఇంటి పెరటిలోని చెట్టును చూడకుంటిమి. మీకు ఆ పొరపాటు కలుగరాదు.

చివరకు తిరువైయారు పోయి, 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి సమాధిని సేవింపుడు. ఆయన తెలుగు కీర్తనలను తమిళ సోదరులు తమ లిపిలో వ్రాసికొని, అర్థము అడిగి తెలిసికొని, భక్తితో పాడుచున్నారు. మన ఇండ్లలోనో, తెలుగు మాటాడుచుండియు అక్షరములు ఎరుగని పిల్లలు పెక్కుమంది కలరు. చదువువారు లేనినాడు తాళపత్రము వట్టి ఆకే గదా!

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. తమిళమును మీ బిడ్డలు చక్కగా నేర్వవలెను. అది ఈ నేల భాష. దానితోపాటు రాత్రి భోజనానంతరము ఒక్క పుట తెలుగు బిగ్గరగా చదివించి వినుడు.

విద్యార్థులారా! తిరిగి వచ్చిన పిదప, సరస్వతీ మహలులో చూచిన తెలుగు ప్రతినిగూర్చి పది వాక్యములు వ్రాసి మాకు చూపుడు.