ఇల్లు అమ్మేవాడి అమానతు

వ్యాపారం ధర్మసమ్మతమనీ, వడ్డీ నిషిద్ధమనీ దివ్య ఖుర్ఆన్ స్పష్టం చేసింది (2:275). పాత ఇల్లు కొని, బాగుచేయించి, లాభానికి అమ్మడం కూడా వ్యాపారమే. దానివల్ల మేస్త్రీకి, వడ్రంగికి పని దొరుకుతుంది, ఒక కుటుంబానికి నీడ దొరుకుతుంది. అయితే ఆ లాభం హలాల్ కావాలంటే రెండు సంగతులు చూసుకోవాలి: గోడలో ఏముంది? గోడ కింది నేల ఎవరిది?

తడిసిన ధాన్యం

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడిని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు (ముస్లిం).

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఏటి ఒడ్డు కాలనీలు మునిగాయి. అలా మునిగిన ఇంటిని చవకగా కొని, పుట్టీ పెట్టి రంగు వేస్తే గోడమీది నీటి గీత మాయమవుతుంది. ఆ రంగు కింద ఉన్నది తడిసిన ధాన్యమే! 'కొనేవాడు అడగలేదు కదా' అనడం సాకు కాదు. లోపం తెలిసీ చెప్పకుండా అమ్మడం ముస్లింకు తగదని హదీసు (ఇబ్నుమాజా). కొనేవాడు ముస్లిమైనా, కాకపోయినా మోసం మోసమే. నిజం చెప్పి లోపం వివరిస్తే బేరంలో శుభం ఉంటుంది, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుంది (బుఖారీ, ముస్లిం).

కాగితం మారితే హక్కు మారదు

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళితే షెడ్యూల్డు ప్రాంతం మొదలవుతుంది. అక్కడ 1/70 చట్టం అమల్లో ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించి, ఏజెన్సీలో స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేశారు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది.

అయినా కొందరికి ఒక దారి తోస్తుంది: కాగితం కోయ సోదరుడి పేరున, ఇల్లు మాత్రం మనది! 'డబ్బు ఇచ్చాం, అతను ఇష్టపడే ఇచ్చాడు' అంటారు. కానీ అప్పుల్లోనూ అవసరాల్లోనూ ఉన్న ఆదివాసుల నేల చేతులు మారిపోతున్నందువల్లనే ఈ రక్షణ వచ్చింది. అవసరంలో ఉన్నవాడి తలూపు నిజమైన సమ్మతి అవుతుందా? పైగా బినామీ లావాదేవీలను 1988 నాటి చట్టం వేరుగా నిషేధించింది. రేపు ఆ ఇంటిని అమ్మితే, తనది కానిదాన్ని అమ్మినట్లే. కొన్నవాడి సొమ్మూ పోతుంది.

వాదనా పటిమతో తీర్పు తనవైపు తిప్పుకున్నవాడు సోదరుడి హక్కును తీసుకుంటే, అది అగ్నిఖండమేనని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). సాక్షాత్తు ఆయన ఇచ్చిన తీర్పే పరుల సొమ్మును హలాల్ చేయలేనప్పుడు, మన స్టాంపు కాగితం చేస్తుందా? జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హెచ్చరిక కూడా మన కోసమే (బుఖారీ, ముస్లిం).

మనం చేయవలసింది

సోదరులారా! బయానా ఇచ్చే ముందే ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉందో లేదో రెవెన్యూ కార్యాలయంలో అడగండి. ఉంటే ఆ బేరం వదిలేయండి. ఇల్లు అమ్మేటప్పుడు వరద, చెమ్మ, పగుళ్ళు, తగాదాలు నోటితో చెప్పి, కాగితం మీదా రాయండి. ఇప్పటికే బినామీ బేరంలో చిక్కుకున్నవారు పశ్చాత్తాపంతో ఆగిపోకూడదు. న్యాయవాదినీ ధర్మవేత్తనూ సంప్రదించి హక్కుదారుకు హక్కు అప్పగించాలి. పరుల హక్కు విషయంలో తౌబా అలాగే పూర్తవుతుంది.

లాభం కొంత తగ్గవచ్చు. కానీ పిల్లలకు పెట్టే ముద్ద హలాల్‌గా ఉంటుంది. అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.