థర్మామీటరు అంకెను ఎంతవరకు నమ్మాలి?



పిల్లల ఒళ్లు వెచ్చగా ఉందని థర్మామీటరు పెడతారు. ఒకసారి 99.4, కాసేపటికే 100.1. స్కూలుకి పంపాలా, వద్దా?

ఇలా రీడింగ్ పైకీ కిందికీ ఊగడాన్ని నాయిస్ అంటారు. మూడు నాలుగు సార్లు చూసి సగటు తీస్తే అది తగ్గుతుంది. ప్రతిసారీ ఒకే వైపు తప్పు చూపిస్తే అది ఆఫ్‌సెట్. దీనితోనే అసలు చిక్కు, వందసార్లు సగటు తీసినా పోదు. తెలిసిన ఉష్ణోగ్రతతో పోల్చాల్సిందే. ల్యాబ్‌లో అయితే నలగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు కలిపి సెన్సర్ ముంచుతాం. 0 డిగ్రీల సెల్సియస్ రావాలి. 0.8 వస్తే, ఆ తర్వాత చూసే రీడింగుల్లోంచి 0.8 తీసేస్తాం.

ఇంట్లో జ్వరం థర్మామీటరును మాత్రం ఐసులో పెట్టకండి. చాలా డిజిటల్ థర్మామీటర్లు 32 డిగ్రీల సెల్సియస్ లోపు కొలవవు, ‘ఎల్’ అని చూపించి ఊరుకుంటాయి. బదులుగా, పిల్లలు బాగున్న రోజుల్లోనే ఉదయం, సాయంత్రం చూసి రాసిపెట్టుకోండి. చంకలో అయితే ఎప్పుడూ చంకలోనే. నోట్లో కంటే అక్కడ కాస్త తక్కువ వస్తుంది. వేడి పాలు తాగిన వెంటనే నోట్లో పెట్టకండి. జ్వరం వచ్చిన రోజు ఆ పాత అంకెలతో పోల్చండి. (పిల్లలు బాగా నీరసపడితే అంకె కోసం ఆగొద్దు.) డాక్టరు గారికి రీడింగ్‌తో పాటు ఎక్కడ పెట్టి చూశారో కూడా చెప్పండి.