ఓడను విడువని నావికుడు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



సముద్రము నెమ్మదిగా నున్నప్పుడు నావికులందరు మంచివారుగానే కనబడుదురు. తుపానులోనే మంచి నావికుడెవరో తెలియును. విమానము నడుపు పైలటు విషయమును అంతే. ఈ పాఠములో మూడు సంగతులు ధ్యానించుదము.

1. మంచి నావికుడు హెచ్చరికను వినును.

మంచిరేవులు అను స్థలములో పౌలు, ఈ కాలమున ప్రయాణము అపాయమని హెచ్చరించెను. శతాధిపతి మాత్రము నావికుని, ఓడ యజమానుని మాటనే నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా వీచగానే లంగరెత్తిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిని కొట్టుకొనిపోయెను. వారికి అనుభవము లేకపోలేదు. ఒక ఖైదీ మాట వినుటకు మనస్సు లేకపోయెను.

2. మంచి నావికుడు తోటివారితో కలిసి పనిచేయును.

2009 జనవరి 15న న్యూయార్కులో ఒక విమానము పైకి లేచిన కొద్ది నిమిషములకే పక్షులు తగిలి రెండు ఇంజనులును శక్తి కోల్పోయెను. అందులో 155 మంది యుండిరి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ విమానమును తన చేతిలోనికి తీసికొనగా, సహ పైలటు స్కైల్స్ ఇంజనులను తిరిగి నడిపించుటకు ప్రయత్నించెను. ఇంకేమైన ఉపాయము తోచుచున్నదాయని కెప్టెన్ అతనిని అడిగెను. ఏ విమానాశ్రయమునకును చేరలేమని గ్రహించి, హడ్సన్ నదిలో విమానమును దింపెను. సుమారు మూడున్నర నిమిషములలో ఇదంతయు జరిగెను.

3. మంచి నావికుడు అందరిని లెక్కించును.

పౌలు ఎక్కిన ఓడలోని నావికులు లంగరులు వేయు నెపముతో పడవ దింపి పారిపోజూచిరి. వారు ఓడలో నిలువనియెడల మిగిలినవారికి రక్షణ లేదని పౌలు తెలిపెను. సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. ఓడ బద్దలైనను 276 మందియు ఒడ్డు చేరిరి. హడ్సన్ నదిలో ఆ కెప్టెన్, నీరు చేరుచున్న విమానములో రెండుసార్లు చివరివరకు నడిచి, ఎవరును మిగిలిపోలేదని చూచిన తరువాతనే బయటికి వచ్చెను. 155 మందియు బ్రదికిరి.

ప్రియులారా, పరాయి రాష్ట్రములలో మన పెద్దలు కట్టిన సంఘములు నేడు మన చేతిలో నున్నవి. తెలుగు చదువలేని మన పిల్లలు, ఆదివారము డ్యూటీ తప్పని కార్మికులు, మంచము పట్టిన వృద్ధులు మన లెక్కలో ఉన్నారా? పిల్లలకు అర్థము కాని ఆరాధన జరిపి, వారు రావడము లేదని నిందించుట న్యాయమా? వారు వెళ్లిపోవుచుండగా మన ఆసనములను మాత్రము కాపాడుకొనుట పడవ దింపుకొనుటయే గదా!

ఆలోచించుడి:
1. మన సంఘములో ఎవరి హెచ్చరికను వినక త్రోసివేయుచున్నాము?
2. ఈ నెలలో కనబడనివారెవరు? వారి యింటికి ఎవరు వెళ్లుదురు?

మన జీవనౌకకు ప్రభువే నిజమైన నావికుడు. ఆయన మనలను విడువలేదు. మనమును ఒకరినొకరము విడువకుందుము గాక. ఆమేన్.